కదలని సరుకు

స్టోర్స్ గది,
భోజనాల విరామం

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెడదామనుకున్నాను. మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకని మానేశాను.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "పనిలో ఉన్నాన్రా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తావు. నువ్వు మా ఇంటి నుంచి వెళ్ళి రెండున్నర నెలలైంది, ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. పైగా మా మూడు గదుల్లో ఏ మూల నిలబడి ఫోన్ చేసినా వసపిట్ట చెవిన పడుతుంది. అందుకే పంపుల విడిభాగాల మధ్య కూర్చుని, సరుకు చీటీల వెనక వైపు రాస్తున్నాను. ముందు వైపు ఉన్న 'వాషర్లు, రెండు వందలు' నీకు సంబంధించినవి కావు.

సంగతేమిటంటే ఆ వసపిట్టే, నీ మేనకోడలే, నిద్రపోవడం లేదు.

పడుకోవడం పడుకుంటుంది. రెండు గంటలు పోయాక చూస్తే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటుంది. ఏడవదు, మంచినీళ్ళు అడగదు. "ఏమ్మా?" అంటే "ఏం లేదు నాన్నా, నువ్వెళ్ళి పడుకో" అంటుంది. ఆరేళ్ళ పిల్ల నన్ను బుజ్జగించి పంపేస్తోంది, నేను వెళ్ళి పడుకుంటున్నాను కూడా. బడి నుంచి టీచరు ఫోన్ చేసింది. ఒకప్పుడు దాని వాగుడు ఆపమని చేసిన టీచరే, ఇప్పుడు బల్ల మీద తల పెట్టి పడుకుంటోందనీ, నోరు విప్పడం లేదనీ చేసింది. పిల్లల డాక్టరు అన్నీ చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. "ఈ మధ్య ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడిగాడు. "అబ్బే, ఏమీ లేదండీ" అన్నాను. నీ మరదలు నా వైపు ఒక చూపు చూసింది.

ఈ గోడు మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు దగ్గర వెళ్ళబోసుకుంటే, వాళ్ళ బావమరిది ఫెంగ్ షుయ్, అదే చైనా వాస్తు, చూస్తాడని చెప్పాడు. మర్నాడే ఆయన పళ్ళెం అంత దిక్సూచి పట్టుకుని దిగాడు. అసలు పేరు చెప్పాడు గానీ మా ఇంట్లో ఆయన దిక్సూచి గారే. తొమ్మిదడుగుల గదిని గంటసేపు కొలిచాడు. మంచం మీద పిల్ల కాళ్ళు గుమ్మం వైపు ఉన్నాయట. అద్దం మంచాన్ని చూస్తోందట. అన్నిటికన్నా పెద్ద దోషం, ఇల్లంతా సామాను. ఇంట్లో పారాల్సిన శక్తి దానికి కొట్టుకుని ఆగిపోతోందట. ఆ శక్తి పేరు 'చి' అన్నాడు. నీ మరదలు కూడా అదే అంది, కాస్త దీర్ఘం తీసి.

సామాను అనే మాట వినగానే నాలో స్టోర్స్ ఇన్‌చార్జి లేచి నిలబడ్డాడు. నాలుగు వేల రకాల విడిభాగాలకి చోటు చూపించినవాణ్ణి అక్కా నేను. నా సొంత గొడుగు ఎక్కడుందో తెలియకపోవడం వేరే సంగతి. ఆదివారం నుంచి ఇల్లు ఖాళీ చేయడం మొదలు. పిల్ల హాయిగా నిద్రపోతే అంతే చాలు.

తమ్ముడు


లైబ్రరీ వెనక, బైండింగ్ గది
బుధవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ వాషర్లు అందాయి. లెక్క సరిపోయింది.

నువ్వు ఇల్లు సర్దుతానంటే నాకు భయమేస్తోంది. చిన్నప్పుడు అలమార సర్దుతానని చెప్పి, అందులో దొరికిన పాత పత్రికలు చదువుకుంటూ సాయంత్రం దాకా అలమారలోనే కూర్చున్నవాడివి. అమ్మ ఊరంతా వెతికించింది. అలాంటివాడి చేతికి దిక్సూచి గారు అధికారం ఇచ్చాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

అయినా నిన్ను అనే హక్కు నాకేముంది? సామాను విషయంలో నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. మీ ఇంట్లో నాలుగేళ్ళు ఉండి, జిగురు డబ్బాలూ దారపు ఉండలూ అట్టముక్కలూ ఎక్కడ పడితే అక్కడ పరిచాను. ఇప్పుడు నా గది చూస్తే దిక్సూచి గారు ముచ్చటపడి ఫోటో తీసుకుంటాడు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి ఒక మేకు. మేకుకి తగిలించడానికి ఏమీ లేదు. శక్తి ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డూ ఆపూ లేకుండా పారుతోంది. నిద్ర మాటంటావా, నా వయసులో అంత నిద్ర అక్కర్లేదులే.

పని బాగుంది. వీపు విరిగిన పుస్తకాలు రోజుకి పాతిక వస్తాయి. విప్పి, కుట్టి, అట్ట వేసి పంపిస్తాను. నన్ను ఇక్కడ 'మేడమ్' అంటారు. మొదటి రోజు ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశాను.

ఒక్క మాట. పిల్ల మంచం కింద నా తుక్కు పెట్టె ఉంది చూడు, కాగితం ముక్కలూ రంగు గుడ్డపీలికలూ ఉన్నది. నాకు తుక్కే, దానికి మాత్రం కాదు. నువ్వు ఏం తీసినా అది మాత్రం ఉంచు.

ఫోన్ సంగతి. ఇక్కడ సిగ్నల్ అందదురా. ఏం చేయను.

అక్క


స్టోర్స్ గది,
సరుకు లారీ రాక ముందు

అక్కా,

పదిహేను రోజుల ప్రగతి నివేదిక ఇది.

మంచం తిప్పాం. పిల్ల కాళ్ళు ఇప్పుడు గుమ్మం వైపు లేవు. కాకపోతే మంచం తలుపుకి అడ్డం వచ్చి, తలుపు సగమే తెరుచుకుంటోంది. నేను పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, పొట్టకి విడిగా నచ్చజెప్పి లోపలికి వెళ్ళాలి. డాక్టర్లు పదేళ్ళుగా చెప్పలేని విషయం ఆ తలుపు చెప్పిందని నీ మరదలు సంతోషపడింది.

అద్దానికి దుప్పటి కప్పాం. "అందులో ఎవరు దాక్కున్నారు నాన్నా?" అని అడిగింది వసపిట్ట. ఎవరూ లేరని చూపించడానికి దుప్పటి తీశాను. నేనే కనిపించాను. రెండు రోజులు నిద్రలేని మొహం, మాసిన గడ్డం. పిల్ల మళ్ళీ కప్పెయ్యమంది.

కిటికీకి గాలి గంటలు కట్టాం. ఆ రాత్రి గాలి బాగా వీచింది. తెల్లారగానే కింది వాటా పెద్దాయన పైకి వచ్చి, "ఐస్‌క్రీం బండి ఏమైనా పెట్టారా బాబూ?" అని చాలా మర్యాదగా అడిగాడు. గుమ్మం దగ్గర మూడు కాళ్ళ కప్ప బొమ్మ పెట్టమన్నాడు దిక్సూచి గారు, పెట్టాం. దాని కాళ్ళు మూడూ క్షేమం. నా కాలి వేలే వాచింది.

ఇక సామాను. ఇక్కడ మాత్రం నా ప్రతిభ చూడాలి నువ్వు. మా స్టోర్స్‌లో పద్ధతి నీకు తెలుసుగా. రోజూ వాడే సరుకుకి ఆకుపచ్చ చీటీ. దాని మీద 'వాడుకలో ఉంది' అని ముద్ర. ఆరు నెలలుగా ఉన్న చోటి నుంచి కదలని సరుకుకి పసుపు చీటీ. పసుపు చీటీ పడిందంటే తీసేయడమే. అదే పద్ధతి ఇంట్లో పెట్టాను. ఆరు నెలలు మనకెక్కడిది, నెల రోజులు చాలన్నాను. వసపిట్టకి కూడా దగ్గర కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పాను, "కదలనివన్నీ తీసేస్తామమ్మా" అని. బుద్ధిగా విని తల ఊపింది. పిల్లకి నా తెలివితేటలు వచ్చాయని మురిసిపోయాను.

తీయడం మాత్రం దాని కళ్ళ ముందు తీయడం లేదు. చూస్తే ఏడుస్తుంది కదా. అది నిద్రపోయాక సంచుల్లో కట్టేసి, అది లేవకముందే బయట పెట్టేస్తున్నాను. ఒంటిచెవి కుందేలు, రెండు చక్రాల రైలు, విరిగిన గొడుగు, పాత కేలండర్లు, అన్నీ అలాగే సాగనంపాను. ఇప్పుడు గది ఎంత ఖాళీగా ఉందంటే, దగ్గితే గోడ తిరిగి దగ్గుతోంది.

ఇంత చేసినా నిద్ర లేదు అక్కా. పైగా కొత్తది ఒకటి మొదలైంది. ఇప్పుడు మంచం మీద కూర్చోవడం కాదు, లేచి ఇల్లంతా తిరుగుతోంది. దీపం వేయదు. కుర్చీ తాకుతుంది, బల్ల తాకుతుంది, ఫ్రిజ్ తాకుతుంది, మా గదిలోకి వచ్చి వాళ్ళమ్మ చెయ్యీ నా పాదమూ తాకి వెళ్ళిపోతుంది. దిక్సూచి గారికి చెప్తే, ఇంట్లో శక్తి కదలడం మొదలైందన్నాడు. కదులుతోంది నిజమే, రెండు చిన్న కాళ్ళ మీద.

నీ పెట్టె సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. లారీ వచ్చింది.

తమ్ముడు


బైండింగ్ గది
శుక్రవారం, వాన

తమ్ముడూ,

నీ కప్ప గురించి చదివి నవ్వాను. నవ్వడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

సూటిగా అడుగుతున్నాను. నా పెట్టె ఉందా, లేదా?

అందులో ఏముందో నీకు తెలియదు. మీరిద్దరూ పనికి వెళ్ళి వచ్చేలోపు నేనూ అదీ కలిసి పుస్తకాలు చేసేవాళ్ళం. అగ్గిపెట్టె అంత పుస్తకాలు. అది బొమ్మలు వేసేది, నేను కుట్టేదాన్ని. సాయంత్రం మీరొచ్చే వేళకి పెట్టెలో దాచేసేవాళ్ళం. సగం అయినవి రెండు మూడు అందులోనే ఉండిపోయాయి. నేను ఇక్కడికి వచ్చేసే ముందు రోజు, "రేపు కుడదాం అత్తా" అంది. సరేనన్నాను.

ఇంకో మాట. పిల్ల తాకుతూ తిరుగుతోంది అన్నావు. ఎలా తాకుతోంది? వరుస తప్పకుండా తాకుతోందా? మొన్నటి ఏడు దాన్ని నీ స్టోర్స్ చూడ్డానికి తీసుకొచ్చాను, గుర్తుందా? నువ్వు ఒక్కో అరనీ చూపుడువేలితో తాకుతూ లెక్క చూసుకుంటున్నావు. ఇంటికి వచ్చే దారంతా అది బస్సులో సీట్లని అలాగే తాకింది. నాకేదో తోస్తోంది. తోచింది నిజం కాకూడదని కోరుకుంటున్నాను. గమనించి రాయి.

దిక్సూచి గారిని కొన్నాళ్ళు మీ ఇంటికి రావద్దని చెప్పు.

అక్క


స్టోర్స్ గది,
ఆదివారం, గేటు కాపలాదారు తప్ప ఎవరూ లేరు

అక్కా,

సెలవు రోజున ఇక్కడికి వచ్చి కూర్చున్నాను. ఇంట్లో కూర్చుని రాసే ధైర్యం లేక.

ముందు చిన్న తప్పుతో మొదలుపెడతాను, పెద్దది రాయడానికి చెయ్యి అలవాటు పడుతుంది. మంగళవారం నిద్రమత్తులో ఒకరు అడిగిన వాల్వులు ఇంకొకరికి పంపేశాను. మేనేజరు పిలిచి, "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాడు. డాక్టరుకి చెప్పిన జవాబే చెప్పబోయి ఆగిపోయాను.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి మేలుకుని చూశాను. వరుస తప్పలేదు. గుమ్మం దగ్గర కుర్చీతో మొదలు, నా పాదంతో ఆఖరు. మధ్యలో ఖాళీగా ఉన్న చోట్ల కూడా ఆగుతోంది. కుందేలు ఉండే అర దగ్గర ఆగింది. చెయ్యి చాపింది, ఏమీ తగల్లేదు, ముందుకు వెళ్ళింది.

ఈ పొద్దున్న అది పాలు తాగుతోంది. నేను కుంటి స్టూలుకి పసుపు చీటీ కడుతున్నాను. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"నాన్నా, అత్తకి కూడా పసుపు చీటీ కట్టావా?"

"ఏ అత్తకి?" అన్నాను, దానికేదో నలుగురు అత్తలున్నట్టు.

"మన అత్తకి. నేను చూళ్ళేదు. నేను పడుకున్నప్పుడు కట్టేశావా?"

"మనుషులకి కట్టరమ్మా. అత్త ఉద్యోగానికి వెళ్ళింది."

"నేను పడుకున్నప్పుడే పోయింది. కుందేలూ నేను పడుకున్నప్పుడే పోయింది. రైలు కూడా. పడుకుంటే పోతాయి నాన్నా."

"అందుకని కాపలా కాస్తున్నావా?"

"కాపలా కాదు" అంది, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసి. "స్టాక్ చూస్తున్నా."

నీ మరదలు పొయ్యి ఆపేసి పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత పిల్లే తన దిండు కింది నుంచి నోటుపుస్తకం తెచ్చి చూపించింది. పేజీకి ఒక బొమ్మ. కుర్చీ, బల్ల, ఫ్రిజ్, కప్ప కూడా. పోయిన వాటి మీద అడ్డగీత. మొదటి పేజీలో కళ్ళజోడు పెట్టుకుని నువ్వున్నావు. నీ మీద గీత ఉంది. ఆఖరి పేజీలో తను ఉంది. బొమ్మ కింద వంకర అక్షరాలతో రాసుకుంది, 'రోజూ కదులుతున్నాను' అని.

దాని అర్థం నాకు వెంటనే తెలియలేదు. తెలిసిన తర్వాత స్టూలు మీద కూర్చున్నాను, అది కుంటిదని మర్చిపోయి. కింద పడ్డాను. పిల్ల నవ్వలేదు, వచ్చి లేపింది. కదలకుండా పడుకుంటే తననీ తీసేస్తారని దాని భయం. చెప్పింది నేనే కదా, దగ్గర కూర్చోబెట్టుకుని, వివరంగా. లోకంలో పిల్లల్ని నిద్రపుచ్చడానికి జోలపాటలు పాడతారు. నేను నిబంధనలు చదివాను.

ఇప్పుడు పెద్ద తప్పు. నువ్వు వెళ్ళడానికి వారం ముందు వంటగదిలో నీ మరదలితో అన్నాను, "ఎక్కడ చూసినా అక్క సామానే, ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు" అని. నువ్వు పక్క గదిలో అట్ట కోస్తున్నావు. నేను ఆ మాట అన్నాక కత్తెర చప్పుడు ఆగింది. నువ్వు విన్నావని నాకు ఆ నిమిషమే తెలుసు. నేను నీ దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అనొచ్చు. అనలేదు. నీకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, మంచి ఉద్యోగం మంచి ఉద్యోగం అని నలుగురికీ గట్టిగా చెప్పుకున్నాను, నాకు నేను వినబడేలా. డాక్టరు ఏమైనా మారిందా అంటే లేదన్నాను. ఇల్లంతా కొలిచి దోషం వెతికించాను. దోషం దిక్సూచి పట్టుకున్నాయన పక్కనే తిరుగుతోంది, ఆయనకి కాఫీ ఇస్తోంది.

నీ పెట్టె లేదు. మొట్టమొదటి పసుపు చీటీ దానికే కట్టాను. ఉంచమని నువ్వు రాసిన ఉత్తరం వచ్చేసరికే అది వెళ్ళిపోయింది, చెప్పడానికి మొహం చెల్లక దాటేశాను. నన్ను క్షమించు అక్కా.

తమ్ముడు


బైండింగ్ గది
మంగళవారం

తమ్ముడూ,

విన్నాను. కత్తెర ఆపింది అందుకే. నువ్వన్న మాట నిజమే కాబట్టి మరీ కోపం వచ్చింది. అబద్ధమైతే వచ్చి నెత్తిన ఒకటి మొట్టి ఊరుకునేదాన్ని.

ఈ ఉద్యోగం నాకు కావలసిందే. ఆ మాట నువ్వు అనకపోయినా వచ్చేదాన్ని. కాకపోతే నవ్వుతూ వచ్చేదాన్ని, నిన్ను నాలుగు పనులు చెప్పి తిప్పుకుని, నా సామాను మోయించి వచ్చేదాన్ని. మూతి ముడుచుకుని వచ్చాను. యాభై దగ్గరికి వస్తున్నాను, పిల్లలా అలిగాను. సరే, నిన్ను క్షమించాను, ఆ పద్దు అక్కడితో అయిపోయింది. ఇక నా వంతు విను, ఇది నీ దానికంటే పెద్దది.

ఆ రోజు తెల్లవారుజామున బస్సు ఎందుకెక్కానో అడిగావా? పదకొండింటికి కూడా బస్సు ఉంది. ఉందని నాకు తెలుసు. పిల్లకి చెప్పి రావాల్సి వస్తుందని, అది ఏడిస్తే నేను రాలేనని, చీకట్లో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాను. అది రోజూ నా చూపుడువేలు పట్టుకుని పడుకునేది. ఆ గుప్పిట మెల్లగా విప్పుకుని వచ్చాను తమ్ముడూ. లేచేసరికి అది ఏం వెతుక్కుందో ఈ మూడు నెలలూ నేను తలుచుకోలేదు. తలుచుకోకుండా ఉండటానికే రాత్రి పన్నెండింటి దాకా పుస్తకాలు కుడుతున్నాను. ఇక్కడ వాళ్ళు నన్ను పనిమంతురాలు అనుకుంటున్నారు.

సిగ్నల్ లేదన్నది కూడా అబద్ధమే. టవరు నా కిటికీకి ఎదురుగా ఉంది. ఫోన్లో దాని గొంతు వింటే తట్టుకోలేనని ఎత్తలేదు. నీ పసుపు చీటీలు మొదలుపెట్టింది నేను. పడుకుంటే మనుషులు పోతారని దానికి నేర్పింది నేను, నువ్వు కుందేళ్ళతో వల్లె వేయించావంతే.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఆదివారం పదకొండింటి బస్సుకి వెళ్తాను. వెళ్ళడం ముఖ్యం, బాగా గుర్తుపెట్టుకో. అది చూస్తుండగా, పట్టపగలు, దానికి చెప్పి వెళ్ళాలి. ఏడిస్తే ఏడవనీ. నేనూ ఏడుస్తాను. ఇద్దరికీ ఒక తువ్వాలు పట్టుకురా.

పెట్టె పోతే పోయింది. తుక్కుకి లోకంలో కొదవా?

అక్క


(ఆకుపచ్చ చీటీ, దారంతో సహా. వెనక పెన్సిలు రాత.)

అత్తా ఈ చీటీ నీకు. నాన్న స్టోర్స్ నుంచి తెచ్చాడు. సంచికి కట్టుకో. ఇది కడితే తీసెయ్యరు. బస్సులో పడుకోవద్దు. వచ్చాక పడుకో నేను చూస్తాను.


స్టోర్స్ గది,
సోమవారం, భోజనాల విరామం

అక్కా,

నువ్వు చూసినవి మళ్ళీ రాయను. పదకొండింటి బస్సు మలుపు తిరిగాక జరిగింది నీకు తెలియదు కాబట్టి అది రాస్తాను.

వసపిట్ట కిటికీలోంచి ఊగే నీ చెయ్యి కనబడినంతసేపూ ఏడ్చింది. కనబడటం మానేశాక ఠక్కున ఆపి, తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, "సంచికి చీటీ ఉంది కదా, నేను చూశా" అంది. ఇంటికి వచ్చే దారంతా మాట్లాడింది. బడిలో ఎవరి పన్ను ఊడిందో, టీచరు గొడుగు ఎక్కడ మర్చిపోయిందో, మూడు నెలల సరుకు ఒక్కసారిగా దింపింది. వింటూ నేను రెండు మలుపులు తప్పాను.

ఇంటికి వెళ్ళేసరికి ఇంకో విశేషం. నీ మరదలు తను పనిచేసే పళ్ళ ఆసుపత్రి నుంచి ఆటోలో దిగింది. చేతిలో నీ తుక్కు పెట్టె! పైన ఒంటిచెవి కుందేలు. నేను పొద్దున్నే బయట పెట్టిన సంచుల్లోంచి తనకి తోచినవి ఏరి, ఆసుపత్రి వెనక గదిలో దాచిందట. "నువ్వు నీ తప్పు నోటితో ఒప్పుకునేదాకా ఇవ్వకూడదనుకున్నాను. రాత్రి వదిన ముందు ఒప్పుకున్నావు, అందుకని తెచ్చాను" అంది. ఇంట్లో రెండో స్టోర్స్ నడుస్తోందని పదిహేనేళ్ళ అనుభవం ఉన్న నాకు తెలియదు. రైలు, కేలండర్లు దొరకలేదు. రైలు పోయిందని పిల్లకి నేనే, కళ్ళలోకి చూసి చెప్పాను. కాసేపు ఆలోచించి, "దానికి రెండు చక్రాలే కదా, ఎక్కువ దూరం పోయుండదులే" అంది.

మంచం పాత చోటికి తిప్పేశాం. కాళ్ళు మళ్ళీ గుమ్మం వైపే. పొట్టకి స్వేచ్ఛ వచ్చింది. గాలి గంటలు కింది వాటా పెద్దాయన తనకి కావాలని అడిగి తీసుకున్నాడు. తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడట. కప్పని మాత్రం పిల్ల ఉంచమంది, దానికి కాలు లేదు పాపం అని.

నిన్న రాత్రి పడుకునే ముందు నా చూపుడువేలు పట్టుకుంది. నీ వేలంత బాగా లేదని మొహం మీదే చెప్పింది. తర్వాత అడిగింది, "నేను పడుకుంటే స్టాక్ ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"అన్నీ తాకి చూడాలి. పుస్తకంలో రాయాలి."

"రాస్తాను."

"అత్తని కూడా రాయాలి."

"రాస్తానమ్మా."

ఆ మాట అన్నాక పది నిమిషాలు కూడా పట్టలేదు. మూడు నెలలుగా నేను చూడని నిద్ర అక్కా అది. నోరు తెరుచుకుని, మంచానికి అడ్డంగా, ఒక కాలు కుందేలు మీద వేసి పడుకుంది. నేను నా వేలు లాక్కోలేదు, పట్టు దానంతట అది వదులయ్యేదాకా కూర్చున్నాను. తర్వాత లేచి నోటుపుస్తకం తీసుకుని ఇల్లంతా తిరిగాను, దీపం వేయకుండా, దానిలాగే. కుర్చీ, బల్ల, ఫ్రిజ్. వాళ్ళమ్మ చెయ్యి తాకితే, "పిల్ల అయిపోయింది, ఇప్పుడు నువ్వా?" అని విసుక్కుంది. అన్నీ రాశాను. అంతా అయ్యాక పిల్ల పడుకుందో లేదో చూడ్డానికి నాలుగుసార్లు వెళ్ళాను. దాని నిద్రలేమి వంశంలో ఎవరినుంచి వచ్చిందో తేలింది.

పొద్దున్న ఏడింటికి లేచింది. లేవగానే పుస్తకం అడిగింది. వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. కుర్చీ ఉంది. బల్ల ఉంది. కుంటి స్టూలు ఉంది. అమ్మ ఉంది. వసపిట్ట ఉంది, పడుకుంది. అత్త ఉంది, లైబ్రరీలో ఉంది, వచ్చే నెల రెండో శనివారం వస్తుంది. చదవడం అయ్యాక పేజీ తిప్పి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఒకటి తక్కువుంది నాన్నా."

ఉండదన్నాను. పదిహేనేళ్ళలో నా లెక్క తప్పలేదన్నాను, మంగళవారం వాల్వుల సంగతి దానికి తెలియదు కదా. అది నా మాట వినకుండా పెన్సిలు తీసుకుని, నాలిక బయటపెట్టి, ఆఖరి వరసలో తనే రాసింది.

'నాన్న ఉన్నాడు.'

తమ్ముడు